తప్పు ఆ తల్లులది కాదు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మనవాళ్ళు నలుగురు చేరినచోట నల్లజాతి వాళ్ళ ప్రస్తావన వస్తే, తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. "వాళ్ళకి కుటుంబం అంటూ లేదండీ. తండ్రులు పట్టించుకోరు, తల్లులకి అదుపుండదు, ఇంక పిల్లలేం బాగుపడతారు? మనకి కుటుంబం ఉంది కాబట్టి పైకొచ్చాం." సెలవులకు వచ్చినప్పుడు ఇదే మాట హైదరాబాదుకీ విజయవాడకీ మోసుకొస్తారు. అమెరికా గడప తొక్కని వాళ్ళం కూడా తలూపేస్తాం. ఈ మాట చరిత్ర ప్రకారం తప్పు, లెక్కల ప్రకారం తప్పు. పైగా లక్షల మంది తల్లుల మీద వేసిన అభాండం.

దీన్ని మనవాళ్ళు కనిపెట్టలేదు. 1965 మార్చిలో అమెరికా కార్మిక శాఖ సహాయ కార్యదర్శి డేనియల్ పాట్రిక్ మోయ్నిహన్ ఒక నివేదిక రాశాడు. నల్లజాతి కుటుంబాల్లో దాదాపు నాలుగో వంతు ఆడవాళ్ళ చేతిమీదుగా నడుస్తున్నాయని, ఈ మాతృస్వామ్యమే ఆ జాతిని వెనక్కి లాగుతోందని అందులో ఉంది. మగవాళ్ళ నిరుద్యోగం గురించి కూడా ఆయన గట్టిగానే రాశాడు. ఆ భాగం జనానికి గుర్తులేదు, తల్లుల మీద నింద మాత్రం మిగిలింది.

ఆ నింద ఎలా పనిచేస్తుందో విప్పి చూపించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన సామాజిక శాస్త్రవేత్త పాట్రిషియా హిల్ కాలిన్స్. 1948లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. 2009లో అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి నల్లజాతి మహిళ ఆవిడే. 1990లో వచ్చిన 'బ్లాక్ ఫెమినిస్ట్ థాట్' పుస్తకంలో ఆవిడ చెప్పిందిది: నల్లజాతి ఆడదాని మీద సమాజం ముందే కొన్ని ముద్రలు తయారుచేసి పెట్టుకుంది. తెల్లవాళ్ళ పిల్లల్ని సాకితే నమ్మకస్తురాలైన ఆయా. అదే మనిషి తన సంపాదనతో తన ఇల్లు నడిపితే మగణ్ణి తరిమేసిన గయ్యాళి. ప్రభుత్వ సాయం తీసుకుంటే పనిదొంగ. ఎటు తిరిగినా తప్పు ఆమెదే. బడి బాగోలేకపోయినా, ఊళ్ళో ఫ్యాక్టరీ మూతపడినా, కొడుకు జైలుకెళ్ళినా, పెంపకం లోపమనేస్తే ఇంకెవర్నీ ఏమీ అడగనక్కర్లేదు.

కుటుంబం మీద మమకారం లేని జాతి అట! బానిసత్వం ఉన్న రోజుల్లో బానిసల పెళ్ళికి చట్టంలో విలువ ఉండేది కాదు. భర్తని ఒకడికి, భార్యని ఇంకొకడికి, పిల్లల్ని మరొకడికి అమ్మేవారు. విముక్తి వచ్చాక ఆ మనుషులు ఏం చేశారో చూడాలంటే న్యూ ఆర్లియన్స్‌లో వెలువడిన సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్ అనే పత్రిక చూడాలి. 1880ల్లో అందులో 'లాస్ట్ ఫ్రెండ్స్' అని ఒక శీర్షిక వచ్చేది. చందాదారులు కానివాళ్ళు ప్రకటనకు 50 సెంట్లు కట్టాలి. మా అమ్మ పేరు ఇది, అన్నదమ్ముల పేర్లు ఇవి, మా యజమాని ఫలానావాడు, నన్ను ఫలానా ఊళ్ళో ఫలానావాడికి అమ్మాడు, ఆచూకీ తెలిస్తే రాయండి అని వేసేవారు. వాటిని పాస్టర్లు చర్చిలో చదివి వినిపించాలని పత్రిక కోరేది. విడిపోయి ఇరవై ముప్ఫై ఏళ్ళయినా వెతుకుతూనే ఉన్నారు. చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ 1750 నుంచి 1925 దాకా రికార్డులు తిరగేసి 1976లో ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. బానిసత్వం ముగిశాక నల్లజాతి ఇళ్ళలో అత్యధికం భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇళ్ళేనని అందులో తేలింది.

తర్వాతి రోజుల్లో ప్రభుత్వమే పూనుకుని ఇళ్ళు విరిచిన సందర్భాలున్నాయి. అలబామాలో సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో భర్త పోయిన ఒక తల్లి, నలుగురు పిల్లలతో ఉండేది. తెల్లవారుజామున మూడున్నర నుంచి మధ్యాహ్నం దాకా హోటల్లో వంట, వడ్డన. వారానికి 16 నుంచి 20 డాలర్లు వచ్చేవి. శని ఆదివారాల్లో ఒక మగవాడు ఇంటికి వస్తున్నాడని 1966 అక్టోబరులో ఆమె పిల్లలకొచ్చే సాయం ఆపేశారు. ఆ పిల్లలకు అతను తండ్రి కాదు, వాళ్ళని పోషించడమూ లేదు, అతని సంసారం వేరే ఉంది. అయినా రాష్ట్రం లెక్కలో అతను 'బదులు తండ్రి'. 1968లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నిబంధన కొట్టేసింది. అది అమల్లో ఉన్నన్నాళ్ళూ మాత్రం పిల్లల తిండి కావాలంటే గడపలో మగమనిషి కనపడకూడదు. కొన్నిచోట్ల అధికారులు అర్ధరాత్రి తలుపు కొట్టి మంచాల కింద, బీరువాల్లో మగవాళ్ళ కోసం వెతికేవారు. అలా మగదిక్కు లేకుండా చేసి, తర్వాత మగదిక్కు లేదని ఆ తల్లినే తప్పుపట్టడం ఎంత ఘోరం!

తల్లీతండ్రీ ఇద్దరూ ఉంటే పిల్లలకు మేలు కదా అంటారు. మేలే. ఇద్దరి సంపాదన, ఇద్దరి సమయం ఉన్నచోట పిల్లలకు ఎంతో కొంత ఆసరా ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పేదరికానికి మూలం అదేనా? డెమోస్ సంస్థ, బ్రాండైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఆస్తుల లెక్క తీశారు. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తెల్లజాతి వాళ్ళ మధ్యస్థ ఆస్తి, దంపతులిద్దరూ కలిసి పెంచుతున్న నల్లజాతి ఇంటి ఆస్తికి 2.2 రెట్లు ఉంది. పెళ్ళి చేసుకుని, కలిసి కాపురం చేసి, పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నా ఆ తేడా పోలేదు. ఇళ్ళ అప్పులు దొరక్కుండా వాళ్ళ పేటలకు మ్యాపుల్లో ఎర్ర రంగు పూసిన దశాబ్దాలను వదిలేసి, పెళ్ళి పీటల దగ్గర కారణం వెతకడమేమిటి? ఇక తండ్రుల సంగతి. అమెరికా ఆరోగ్య గణాంకాల శాఖ 2013లో ఇచ్చిన నివేదికలో, పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం చంటిపిల్లలకు రోజూ స్నానం, బట్టలు లాంటి పనులు చేస్తున్నామన్నారు. తెల్లవాళ్ళలో అది 60 శాతం.

కాలిన్స్ రాసినవాటిలో మనకు బాగా దగ్గరగా ఉండేది ఇంకొకటుంది. కన్నతల్లి పనికెళ్తే అమ్మమ్మ, పిన్ని, పక్కింటావిడ కలిసి బిడ్డను పెంచే పద్ధతిని ఆవిడ లోపంగా చూడలేదు, ఆ సమాజపు బలంగా చూశారు. కూతురి కాన్పుకి ఆరు నెలలు అమ్మ, తర్వాత ఆరు నెలలు అత్తగారు విజిటర్ వీసా మీద అట్లాంటిక్ దాటే మనకు ఇది కొత్తా? కడప, రాయచోటి పల్లెల్లో పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ ఇళ్ళలో పనికెళ్ళిన తల్లులున్నారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు భర్తలు దుబాయిలో ఉంటే పొలం, అప్పు, పిల్లల చదువు అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చే ఆడవాళ్ళున్నారు. వాళ్ళని చూసి కష్టజీవులంటాం, వాళ్ళ జాతికి కుటుంబం లేదని అనం. నల్లజాతి తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం ఏమైపోతుంది?

అసలు మనం అమెరికా ఎలా వెళ్ళగలిగామో కూడా గుర్తుచేసుకోవాలి. 1946 నుంచి 1965 దాకా భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. జాతిని బట్టి మనుషుల్ని వడపోసే ఆ పద్ధతి నిలబడలేని వాతావరణాన్ని తెచ్చింది పౌరహక్కుల ఉద్యమం. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలు తిన్నవాళ్ళలో మోయ్నిహన్ తప్పుపట్టిన ఆ తల్లులూ ఉన్నారు, వాళ్ళ పిల్లలూ ఉన్నారు. అదే ఏడాది అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టంతో మనకు దారి తెరుచుకుంది. ఆ దారిన ఎవరు పడితే వాళ్ళు పోలేదు. డాక్టర్లు, ఇంజనీర్లు, తర్వాత హెచ్1బి మీద సాఫ్ట్‌వేర్ వాళ్ళు, అంటే ఇక్కడే చదువూ, దాని వెనక ఎంతో కొంత పొలమో ఉద్యోగమో ఉన్న ఇళ్ళవాళ్ళు ఎక్కువగా వెళ్ళారు. డిగ్రీ చేతబట్టుకుని విమానం దిగినవాళ్ళ పిల్లల్ని, ఇల్లు కొనుక్కోవడానికి అప్పు పుట్టని తాతల మనవలతో పోల్చి ఆ తేడాకు కుటుంబ విలువలని పేరు పెట్టుకోవడం మానాలి. ఆ పోలిక మన పిల్లల ముందు చేయడం మరీ ముందుగా మానాలి, ఎందుకంటే వాళ్ళు అదే దేశంలో, అదే బడిలో, ఆ తల్లుల పిల్లల పక్కన కూర్చుని చదువుకుంటున్నారు.