బిగించి పారిపోయేవాళ్ళకి

పట్టేసిన బోల్టుతో కుస్తీ పట్టేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. దాన్ని అలా బిగించి పోయినవాణ్ణి మాత్రం ఎవ్వరూ ఏమీ అనరు. మూడు శనివారాలూ, రెండు వేలి కణుపుల మీది చర్మమూ సమర్పించుకున్నాక నాకు తేలిందేమంటే, ఇందులో ముప్పాతిక తప్పు బిగించినవాడిదే. మిగతా పావు నాది. దాని సంగతీ చెప్తాను.

నా దగ్గరో సుజుకీ ఎస్‌వీ650 ఉంది, 2002 మోడలు, సెకండ్ హాండుది. ముందు ఫోర్కులో కుడికాలు సీలు పోయి నూనె కారడం మొదలెట్టింది. కారితే కారనీ అనుకోడానికి లేదు, ఆ నూనె తిన్నగా బ్రేకు డిస్కు మీదకి దిగుతుంది. బ్రేకు ప్యాడ్లకి నూనె పట్టాక బండి ఎక్కడాగుతుందో మన చేతిలో ఉండదు. పాత ఓనరిచ్చిన కాయితాల ప్రకారం రెండేళ్ళ క్రితమే ఒక షాపులో రెండు కాళ్ళకీ సీళ్ళు మార్చారు.

బళ్ళ గొడవ తెలీనివాళ్ళకోసం ఒక ముక్క. ఫోర్కు కాలంటే ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారే సైకిలు పంపులాంటిది. ఆ రెండూ విడిపోకుండా పట్టుకునేది అడుగునున్న ఒకే ఒక్క బోల్టు. తలలో ఆరు పలకల గుంట ఉంటుంది. అది రాకపోతే సీలు మార్చడం కుదరదు. మా ఊరి బస్టాండు పక్క షెడ్డులో మేస్త్రీ దాన్ని విప్పే పనిముట్టుని ఎలెంకీ అనేవాడు. వంపు చూసి అది ఇంగ్లీషు అక్షరం 'ఎల్' వల్ల వచ్చిన పేరనుకునేవాణ్ణి. ఆలెన్ అనే మనిషి ఉన్నాడని తెలిసింది ఇక్కడికొచ్చాకే.

ఇక్కడంటే హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్. మనవాళ్ళకి ఇన్సూరెన్సు కంపెనీల ప్రాజెక్టుల ఊరుగానే తెలుసు. కానీ విలియం ఆలెన్ 1910లో ఆ ఆరు పలకల గుంట మరలకి పేటెంటు తీసుకున్నది ఈ ఊళ్ళోనే. మరల మధ్య గాలి ఆడని చోట గట్టిపడే జిగురు, అదే లాక్‌టైట్, 1953లో తయారుచేసిన వెర్నన్ క్రీబుల్ ఇక్కడి ట్రినిటీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. అంటే నా బోల్టూ, దాన్ని కదలనివ్వని జిగురూ రెండిటి పుట్టిల్లూ ఇదే. నేను మాత్రం వీసా మీదొచ్చి వాటి చేత తన్నులు తింటున్నాను.

ఇప్పుడు నా పావు తప్పు. మొదటి శనివారం చివర గుండ్రంగా ఉండే ఎలెంకీతో మొదలెట్టాను. వంకరగా కూడా దూరుతుంది కదా అని బద్ధకం. గట్టిగా పట్టిన బోల్టు మీద దాన్ని వాడకూడదు, ఆనేది కొంచెం మేరే గనక పలకలు అరిగిపోతాయి. అరిగిపోయాయి. అప్పుడైనా ఆగాలా? ఇంకో రెండుసార్లు లాగాను. ఆరు పలకల గుంట కాస్తా చక్కటి గుండ్రటి గుంటయింది.

ఆ సాయంత్రం ఒక మిత్రుడింట్లో భోజనాల దగ్గర ఈ కథ చెప్తే, "నీ గంట రేటెంత, మెకానిక్కి ఇచ్చేదెంత? హాయిగా షాపుకి పడెయ్యక ఈ పాకీ పనెందుకు గురూ?" అన్నాడొకాయన. షాపుకి పడేసినందుకేగా ఇదొచ్చిందన్నాను. పాకీ పని అన్న మాటకి సమాధానం చెప్పలేదు. కడుపునిండా గోంగూర తిని దెబ్బలాడ్డం కష్టం.

తర్వాతి శనివారం ఫోర్కు పైమూత తీసి నూనె వంచేసి, స్ప్రింగు మళ్ళీ పెట్టి మూత బిగించాను. స్ప్రింగు తోస్తూ ఉండకపోతే లోపలి కడ్డీ బోల్టుతోబాటే గిరగిరా తిరుగుతుంది. అరిగిన గుంటలోకి కాస్త పెద్ద టార్క్స్ బిట్టుని సుత్తితో దిగ్గొట్టాను. ఆ దెబ్బలు వృథా పోవు, తుప్పు కూడా కదులుతుంది. మా మేస్త్రీ పానా పట్టుకునేముందు నట్టు నెత్తిన రెండు మొట్టికాయలు వెయ్యనిదే మొదలెట్టేవాడు కాదు. అయినా ఆ శనివారం రాలేదు. మూడో శనివారం హాట్ గన్‌తో కాలి అడుగుభాగం బాగా కాల్చాను. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, జిగురూ మెత్తబడుతుంది. పాత సీళ్ళు ఎలాగూ పారేసేవే గనక వాటి గురించి బెంగలేదు. పొడుగు కడ్డీ వేసి లాగితే 'టక్' మంది. నా ఎముకేమో అనుకున్నా. బోల్టే.

చేతిలోకి తీసుకుని చూస్తే కథంతా దానిమీదే రాసుంది. మరల నిండా ఎర్ర జిగురు. నీలం జిగురైతే మామూలు చేతి పనిముట్లకి లొంగుతుంది. ఎర్రది 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగిల్తే గానీ మాట వినదు. రాగి వాషరు అప్పడంలా నలిగిపోయింది. ఈ జాతి బోల్టుకి చాలా బళ్ళ మాన్యువళ్ళు అడిగేది 20 నించి 30 న్యూటన్ మీటర్లు. అంటే అడుగు పొడుగు పానా చివర ఎనిమిది కిలోల బరువు వేలాడదీసినంత, అంతే. కారు చక్రాలకి వాడే ఎయిర్ గన్‌తో దీన్ని బిగించారని నా అనుమానం.

అనుమానమెందుకని షాపుకే ఫోన్ చేసి అడిగాను. పాపం మర్యాదగానే మాట్లాడాడు. "బోల్టు ఊడి పడిపోతే కోర్టుకొస్తారు. ఎక్కువ బిగించామని ఇంతవరకూ ఎవరూ రాలేదు" అన్నాడు.

నిజమే. నా కోపమంతా అందుకే. వదులు బిగింపుకి బిగించినవాడు జవాబు చెప్పాలి, అతి బిగింపుకి తర్వాత వచ్చేవాడు డబ్బు కట్టాలి. ఇక ఎవడు మాత్రం కొలిచి బిగిస్తాడు? పైగా దాన్ని జాగ్రత్త అని పిలుచుకుంటారు. అది జాగ్రత్త ఎలా అవుతుందో నాకర్థం కాదు. పానా మీద మనం చూపే బలంలో అటూ ఇటుగా పదో వంతే బిగింపుగా మారుతుంది. మిగతాదంతా తల కిందా మరల మధ్యా రాపిడికి ఖర్చవుతుంది. అందుకే కొలత కావాలి. హద్దు దాటితే ఉక్కు బోల్టు సాగిపోతుంది, లేదా మెత్తటి అల్యూమినియంలో మరలు తెగిపోతాయి. అప్పుడు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తూనే పట్టు పోయి ఉంటుంది. ఊడి పడకూడదని బిగించింది ఊడి పడ్డానికి సిద్ధమవుతుందన్నమాట.

ఈ పని షాపులవాళ్ళే చేస్తారనుకోకండి. కాంట్రాక్టు ఆఖరి వారంలో, డెమో తప్పకూడదని, పాసువర్డులూ సర్వరు పేర్లూ నేరుగా ప్రోగ్రాములో రాసేసి టికెట్టు కొనుక్కున్నవాళ్ళం ఎంతమందిమి లేము? ఓహియోలో ఒక క్లయింటు దగ్గర నేను అలా బిగించి వచ్చిందొకటి ఉంది. ఎవరో ఒకరు అర్ధరాత్రి రెండింటికి దాని తల అరగదీసే ఉంటారు. నాకు ఫోన్ రాలేదు. రాదని తెలిసే కదా బిగించింది.

కొత్త బోల్టు, కొత్త వాషరు, చుక్క నీలం జిగురు వేసి, టార్క్ రెంచి 'క్లిక్' మనగానే చెయ్యి తీసేశాను. ఇంకొక్క పావు తిప్పు తిప్పుదామని చెయ్యి లాగిందండీ, అబద్ధమెందుకు. ఎంత బిగించానో, ఏ రంగు జిగురు వాడానో, తేదీతో సహా ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించాను. తర్వాత కొనుక్కునేవాడు చదువుతాడో లేదో వాడిష్టం.

ఎడమకాలు ఇంకా విప్పలేదు. అదీ వాళ్ళే బిగించారు.