పేరు దాస్తే తాళం వేసినట్టేనా?

ఆదోనిలో మా ఇంటికి నెట్ పెట్టించినప్పుడు, రౌటర్ బిగించడానికి వచ్చిన అబ్బాయి పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "వైఫై పేరు కనపడకుండా దాచేసినానక్కా, ఇంక ఎవరూ వాడుకోలేరు." మావారికి ఆ మాట భలే నచ్చింది. పేరేమో మా ఇంటిపేరు, పక్కనే మా పాప పేరు. పాస్‌వర్డ్ ఆయన ఫోన్ నంబరు. పేరే కనపడనప్పుడు పాస్‌వర్డ్ ఏదైతేనేమని ఆయన ధీమా.

మొన్న ఎమ్మిగనూరులో మా పుట్టింటికి పోయాం. కంప్యూటర్ చదువుతున్న మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో ఏదో చూస్తూ, "అత్తా, మీ వైఫై పేరు ఇదేనా?" అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా అదే! ఆదోనిలో దాచింది ఎమ్మిగనూరులో ఎట్లా బయటపడిందబ్బా అని నోరెళ్ళబెట్టాను. వాడు విడమరచి చెప్పాడు.

రౌటర్ సెకనుకు దాదాపు 10 సార్లు "నేనిక్కడున్నా" అని చాటుతుంది. దాచమంటే చాటడం మానదు, పేరుండే చోటు మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. రౌటర్ పేరు చెప్పదు కాబట్టి మన ఫోనే దాన్ని పేరు పెట్టి పిలుస్తూ వెతుక్కోవాలి. అది ఇల్లో బస్టాండో ఫోన్‌కేం తెలుసు? పోయిన చోటల్లా పిలుస్తుంది. ఇంట్లో రౌటర్ పలికేటప్పుడు, ఫోన్ దానికి కలిసేటప్పుడు కూడా ఆ పేరు బాహాటంగానే గాలిలో పోతుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో, తెలిసినవాళ్ళెవరైనా పట్టుకోవచ్చు.

అంటే మేం దాచామనుకున్న ఆడపిల్ల పేరు ఆదోని బస్సులో, సంతలో, పాప కాలేజీలో మా ఫోన్లే చాటుతూ తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది.

"పక్కింటివాళ్ళకైతే కనపడదు కదా" అని మావారు ఇంకా వాదించారు. సరే, లెక్క చూద్దాం. ఏమీ తెలియనివాడిని గట్టి పాస్‌వర్డే ఆపుతుంది. తెలిసినవాడిని దాచిన పేరు ఎట్లాగూ ఆపదు. మరి ఈ దాపరికం ఎవరి కోసం? పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగినట్టు, మన ధైర్యం కోసమే. గేటు మీద పేరుపలక పీకేసి, తలుపుకు గడియ పెట్టకుండా ఊరికి పోతామా? పేరు దాచడం ఏమీ చేయకపోవడం కంటే చేటు. ఏదో చేశామన్న భ్రమలో అసలు తాళం మరిచిపోతాం.

ఆ రాత్రే ఇంటికొచ్చి పేరు మార్చేశాను. ఇంటిపేరూ లేదు, మనిషి పేరూ లేదు. దాపరికం తీసేశాను. వీలైతే డబ్ల్యూపీఏ3, లేదంటే డబ్ల్యూపీఏ2 పెట్టుకోమని మేనల్లుడు చెప్పాడు. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలట. నేను సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టాను. బీఏ తెలుగు ఎందుకు పనికొస్తుందనే వాళ్ళకు అదే నా జవాబు! బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేశాను. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డూ మార్చాను. ముఖ్యంగా, అందరి ఫోన్లలోంచీ పాత పేరు తీసేయించాను. లేదంటే అవి ఇంకా పిలుస్తూనే ఉంటాయి.

మీ ఇంట్లోనూ పేరు దాచి నిశ్చింతగా ఉంటే, ఈ రాత్రి అన్నాలయ్యాక ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఒకసారి అడగండి. ఫోన్ నంబరే అయ్యుంటుంది!