బొటిక్ గుమ్మానికి గుమ్మడికాయ

మగ్గం వర్క్ చేసే ఆడవాళ్ల దుకాణాలు ఇప్పుడు మన పట్టణాల్లో వీధికొకటి కనిపిస్తున్నాయి. ఇంటి ముందుగదిలో కర్ర చట్రం, దానికి బిగించి కట్టిన పట్టుబట్ట, పక్కన జరీ దారాలు, కుందన్లు, పూసల డబ్బాలు, గోడకు వేలాడుతున్న పెళ్లికూతురి బ్లౌజులు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. చేతి ఒడుపు, రంగుల మీద కన్ను, ఒప్పుకున్న తేదీకి సరుకు అప్పజెప్పగల ఓపిక ఉంటే చాలు. ఇద్దరు ముగ్గురు పనివాళ్లను పెట్టుకుని, ఇన్‌స్టాలో ఫోటోలు పెట్టి, అమెరికాలో ఉన్న పెళ్లికూతుళ్లకు కూడా కొరియర్ చేసే స్థాయికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఒకామెకు డిప్రెషన్ వచ్చిందనుకుందాం.

నెల రోజులుగా నిద్ర సరిగా లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. చట్రం ముందు కూర్చుంటుంది కానీ ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో తోచదు. చూడకుండానే పడే ముడి, ఇప్పుడు విప్పి మళ్లీ వేసినా కుదరదు. కస్టమర్ ఫోన్ మోగితే గుండెదడ, ఎత్తదు. అన్నం సయించదు. తన చేతిపని చూసుకుని తనే, "ఇదీ ఒక పనేనా" అని పక్కన పడేస్తుంది. ఇదంతా గమనించిన అత్తగారి నోట వచ్చే మొదటి మాట, "ఫోన్లో ఫోటోలు పెట్టొద్దంటే విన్నావు కాదమ్మా, ఊరందరి కళ్లూ పడ్డాయి."

ఆ వారమే దుకాణం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు. తర్వాత వాస్తు చూసేవాడు వచ్చి చట్రం ఉన్న మూల మంచిది కాదంటాడు, వెలుతురు బాగా పడే చోటు నుంచి దాన్ని చీకటి మూలకు జరిపిస్తాడు. జాతకం చూసినాయన ఏలినాటి శని అంటాడు. ఇంకో ఊళ్లో ఒకాయన, ఎవరో గిట్టనివాళ్లు చేయించారని చెప్పి తాయెత్తు కడతాడు. ఇన్‌స్టా పేజీ తీసేయమంటారు. అంటే, ఉన్న ఆర్డర్లు కూడా పోవాలన్నమాట. నలుగురు నాలుగు కారణాలు చెప్పినట్టు కనిపిస్తుంది కానీ అందరి వేలూ ఒకవైపే చూపిస్తోంది. ఆమె సంపాదన, ఆమె పేరు, ఆమె బయటికి కనబడటం, వీటివల్లే ఇదంతా వచ్చిందట. మగవాడికి వ్యాపారంలో నిద్ర పట్టకపోతే పని ఒత్తిడి అంటాం. ఆడమనిషికి పట్టకపోతే దిష్టి అంటాం. నాకు కోపం తెప్పించేది ఇదే. డబ్బు గుంజడం ఒక ఎత్తు. జబ్బుపడ్డ మనిషికి తన కష్టార్జితాన్నే నేరంగా చూపించడం అంతకంటే దుర్మార్గం. డిప్రెషన్ లక్షణాల్లోనే తప్పంతా తనదేనన్న భావం ఒకటి. దానికి ఇల్లంతా కలిసి సాక్ష్యం చెబుతుంది.

ఆమె ఆదాయాన్ని నిజంగా దెబ్బతీసే నమ్మకాలు వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదంటారు కనుక ఆ రోజు బ్లౌజు తీసుకెళ్లిన కస్టమర్ డబ్బు మాత్రం తర్వాత ఇస్తానంటుంది. మంగళవారం కూడా అదే మాట. పనివాళ్లకు వారం కూలీ మాత్రం ఆగదు. ఇక మూఢం సంగతి చూడండి. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మూడో వారం దాకా శుక్ర మౌఢ్యం అన్నారు, ముహూర్తాల్లేవు. అసలు జరిగింది ఇంతే: శుక్రుడు భూమికి సుమారు 25 కోట్ల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడికి ఆవలి పక్కకు వెళ్లాడు, 2026 జనవరి మొదటి వారంలో సరిగ్గా సూర్యుడి వెనక్కి చేరాడు. సూర్యుడి వెలుగులో మన కంటికి కనిపించలేదు. ఆ గ్రహం తన కక్ష్యలో ఎప్పటిలాగే తిరుగుతూనే ఉంది. కంటికి కనపడని ఆ కొద్ది నెలలూ పెళ్లిళ్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లు లేకపోతే పెళ్లి బ్లౌజులు లేవు. మూఢం వెళ్లగానే అందరికీ ఒకే వారంలో ముహూర్తాలు, రాత్రింబగళ్లు పని, నిద్ర గల్లంతు. కొన్ని నెలలు చేతిలో డబ్బాడక, ఆ తర్వాత ఒళ్లు హూనం చేసుకుని బతికే మనిషికి మనసు కుంగదా? డిప్రెషన్‌కు ఒకే కారణం ఉండదు. వంశపారంపర్యం, శరీరంలోని మార్పులు, జీవితంలోని దెబ్బలు అన్నీ కలుస్తాయి. డబ్బు చింత, నిద్రలేమి వాటిలో ముఖ్యమైనవి. ఆకాశంలో గ్రహం ఆమెను ఏమీ చేయలేదు, దాని పేరుతో మనం రాసుకున్న పంచాంగం చేసింది.

"తాయెత్తు కట్టాక నయమైందండీ, కళ్లారా చూశాం" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు. డిప్రెషన్ అలలా వచ్చిపోయే జబ్బు. చాలామందికి ఒక విడత కొన్ని నెలల్లో చికిత్స లేకుండానే తగ్గుముఖం పడుతుంది. మనం గుడికో, దర్గాకో, మంత్రగాడి దగ్గరికో పరుగెత్తేది జబ్బు బాగా ముదిరినప్పుడు. ముదిరిన తర్వాత ఎక్కువమందికి కాస్త తగ్గడమే సహజం. పైగా తాయెత్తు కట్టించిన ఆ రోజుల్లో ఆమెకు పనిలేదు, వంటలేదు, ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ ఉన్నారు, పుట్టింటివాళ్లు వచ్చారు. విశ్రాంతి, ఆదరణ చేసిన మేలంతా దారప్పోగు ఖాతాలో పడిపోతుంది. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి మళ్లీ వస్తుంది. అప్పుడు తాయెత్తును తప్పుపట్టరు. మైల తగిలిందంటారు, నమ్మకం చాల్లేదంటారు. గెలిస్తే తనది, ఓడితే రోగిది అనే వైద్యాన్ని పరీక్షించే దారే లేదు.

ఓపిక విషయంలో కూడా మన తూకం ఇలాగే ఉంటుంది. మంత్రగాడు 41 రోజుల దీక్ష అంటే తు.చ. తప్పకుండా చేస్తాం. డిప్రెషన్ మాత్రలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, నయమయ్యాక కూడా ఆరు నెలలో, అంతకు మించో వాడాలి. మనం పదోరోజున "గుణం కనిపించలేదు" అని ఆపేస్తాం. లేదా నయంకాగానే ఆపేస్తాం. ఉన్నట్టుండి ఆపితే తలతిరగడం, చికాకు వంటివి రావచ్చు. దాన్ని చూసి "మందులకు అలవాటు పడింది" అని ప్రచారం. ఈ మాత్రలకు మద్యంలాంటి వ్యసనం ఉండదు. మెల్లగా తగ్గించుకుంటూ మానాలి, అదీ డాక్టరు చెప్పినట్టు.

ఒంట్లో వేరే లోపమేమైనా ఉందేమో కూడా చూడాలి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా నీరసం, మందకొడితనం, నిరాసక్తత వస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో దాదాపు 58 శాతం. ఇల్లాలు అందరికీ పెట్టి చివర తినాలన్న ఆచారం, మిగిలిందాంతో సరిపెట్టుకోవాలన్న నీతి ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. శ్రావణమాసం మగ్గం పనికి మంచి సీజన్. ఆ నెలలోనే పొద్దుపోయేదాకా ఉపవాసాలు. అసలే రక్తం లేని మనిషి దిగులుగా ఉంటే, ఆ దిగులు పోగొట్టుకోవడానికి ఇంకో వ్రతం పట్టమని సలహా.

నాజూకైన మూఢనమ్మకాలు కూడా బయల్దేరాయి. తాయెత్తును చూసి నవ్వే చదువుకున్న ఇళ్లల్లో రంగురాళ్ల బ్రేస్‌లెట్లు, రేకీ, "కోరుకున్నది గట్టిగా తలుచుకుంటే విశ్వం ఇస్తుంది" అని చెప్పే ఆన్‌లైన్ కోర్సులు. ఆర్డర్లు రాకపోతే ఆమె ఆలోచనల్లో పాజిటివ్ తగ్గిందట. పాత మంత్రగాడు గిట్టనివాళ్లు చేయించారనైనా అనేవాడు, కొత్తవాడు నేరుగా ఆమెనే నిందిస్తాడు. కళకు బాధే పునాది అనే నమ్మకం ఇంకొకటి. మందులు వాడితే చేతిలో కళ పోతుందని కళాకారులే భయపడతారు. డిప్రెషన్‌లో ఉన్న చేయి డిజైన్లు పుట్టించడం నేను చూడలేదు. చట్రం మీద బట్ట నెలల తరబడి సగం పనితో అలాగే ఉండిపోవడం చూశాను.

హేతువాదులం మనకు మనం చెప్పుకోవలసింది కూడా ఉంది. దెయ్యం లేదని నిరూపించి, "అంతా నీ మనసులోనే ఉంది, ధైర్యంగా ఉండు" అని లేచి వచ్చేస్తే పని సగంలో వదిలేసినట్టే. ధైర్యం చెబితే మధుమేహం తగ్గదు, ఇదీ అంతే. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడి 2013 ఆగస్టు 20న హత్యకు గురైన నరేంద్ర దాభోల్కర్ స్వయంగా డాక్టరు. సాతారాలో వ్యసన విముక్తి కేంద్రం కూడా పెట్టారు. ఆయన కొడుకు హమీద్ మానసిక వైద్యుడు. మంత్రగాడి దగ్గరికి వెళ్లొద్దన్నవాడు, మరెక్కడికి వెళ్లాలో కూడా చూపించాలని ఆ ఉద్యమానికి తెలుసు.

చూపించకపోతే ఏమవుతుందో ఏర్వాడి చెప్పింది. తమిళనాడులోని ఆ ఊళ్లో 2001 ఆగస్టు 6న షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. దర్గా మహిమతో నయమవుతుందని ఇంటివాళ్లు వదిలి వెళ్లినవాళ్లు వాళ్లంతా. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు బీమా ఇవ్వాలని చెప్పింది. తాయెత్తులు, మంత్రాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ ప్రకటనలు ఇవాళ్టికీ టీవీల్లో వస్తూనే ఉన్నాయి. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. డాక్టర్ల కొరత దానికి ఒక కారణం. నలుగురూ చూస్తే ఏమనుకుంటారోనన్న భయం ఇంకో కారణం. పెళ్లి బ్లౌజులు కుట్టే ఆమెకు ఆ భయం రెట్టింపు. "పిచ్చిదాని చేతి బ్లౌజు శుభకార్యానికా" అని ఒక్కరన్నా చాలు.

సెల్ఫ్ కేర్ అంటే ఆమె విషయంలో చాలా మామూలు పనులు. నెలకు ఎన్ని పెద్ద బ్లౌజులు చేయగలదో అన్నే ఒప్పుకోవడం. అడ్వాన్సు తీసుకోకుండా సూది పట్టకపోవడం. మూఢం నెలల కోసం సీజన్లోనే కొంత తీసి పెట్టుకోవడం, ఆ నెలల్లో పుట్టినరోజు గౌన్లు, డ్రెస్సుల పని పట్టుకోవడం. కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే పని కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించడం. వేళకు తినడం, అందరితోపాటు తినడం. పొద్దున్నే కాసేపు ఎండలో నడవడం. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన తేదీని కూడా ఆర్డర్ల పుస్తకంలోనే, డెలివరీ తేదీల పక్కనే రాసుకోవడం. చట్రాన్ని వెలుతురున్న చోటికి తిరిగి జరుపుకోవడం. వీటితో జబ్బు నయమవుతుందని చెప్పడం లేదు. కౌన్సెలింగ్, అవసరమైతే మందులు వాటి పని చేయడానికి ఇవి వీలు కల్పిస్తాయి.

బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మిగతా రోజుల్లో జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆమెకు ఫోన్ ఎత్తే ఓపిక లేకపోతే ఇంట్లోవాళ్లే చేయొచ్చు, ఆ అత్తగారే చేయొచ్చు.