ఇంట పెరిగిన వనమృగము

అడవిమృగమును పసికూననాటి నుండి పాలుపోసి పెంచినచో అది యింటిబిడ్డయే యగునని తలచువారు పలుదేశములందు గలరు. ఆ తలంపు ఎంతవరకు తెచ్చునో తెలుపుటకు, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమందలి స్టామ్‌ఫర్డ్ పట్టణమున 2009వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన జరిగిన సంగతిని ఈ మాసమున ముచ్చటింపదలచితిమి.

ఆ యూర నొక గృహిణి చింపాంజీ నొకదానిని శైశవమునుండి పెంచుకొనెను. చింపాంజీ యనగా ఆఫ్రికా యడవులలో నుండు తోకలేని పెద్ద వానరము. అది బల్లయొద్ద కూర్చుండి భుజించెడిది; తన బట్టలు తానే తొడుగుకొనెడిది; తాళపుచెవులతో తలుపులు తీసెడిది. (మన పిల్లలకే యిన్ని మర్యాదలు నేర్పలేక విసుగుచున్నాము గదా!) 2003లో నొకమారు కారు దిగి వీధినిబడి చాలసేపు రాకపోకల నాపినది. ఆ దినముననే మేలుకొనవలసినది.

2009లో నానాడు అది తాళపుచెవులు చేతబట్టి యిల్లు వెడలెను. లోనికి మరలించుటకు సాయము రమ్మని యజమానురాలు స్నేహితురాలిని పిలిచెను. ఆమె దానికి క్రొత్తది కాదు. దానికి ప్రియమైన బొమ్మను చేతబట్టియే వచ్చినది. వచ్చీరాగానే ఆ మృగ మామె మీద బడినది. సుమారు 90 కిలోల బరువు! పెంచిన తల్లియే కత్తితో పొడిచినను విడువలేదు. తుదకు పోలీసులు తుపాకితో కాల్చిరి. ఆ స్నేహితురాలు చేతులును, ముఖమును, చూపును గోల్పోయెను. 2011లో బోస్టన్ వైద్యులు మృతిచెందిన దాత ముఖము నామె కతికించిరి; చూపు మాత్రము మరలి రాలేదు. ముద్దు పెంచినవారిది, గాయము పిలువగా వచ్చినవారిది!

మచ్చిక వేరు, పెంపుడుజాతి వేరు. కుక్క పదునైదువేల యేండ్లకు తక్కువగాకుండ మనుష్యుని చెంత మెలగినది. తరతరమునను సాధువులైనవానినే నిలుపుకొనుటచే దాని స్వభావమే మారినది. చింపాంజీయో, కూనగా నున్నపుడు చంకనెక్కును. యౌవనము రాగానే గుంపులో పెద్దరికమునకై పోరాడుట దాని జాతిగుణము. ఇంటిలో దానికి మనుష్యులే గుంపు.

శాకుంతలమున సర్వదమనుడు సింహపుకూన నోరుతెరచి పండ్లు లెక్కింపబోలేదా యని మా పొరుగమ్మ యడిగినది. నిజమే. కాని యచటి తాపసి, తల్లిసింహము మీదబడునని బెదరించి, బొమ్మ నిచ్చెదనని బతిమాలి, కూనను విడిపింప జూచుచునే యున్నది. ఆ భాగము మన మేల మరతుము?

ఇక మృగముల పాటు. ఒహాయో రాష్ట్రమున జేన్స్‌విల్ చెంత 2011 అక్టోబరు 18న ఒక ఆసామి తన భూమిలోని బోనులు తెరచి ప్రాణము తీసికొనెను. ప్రొద్దుగ్రుంకు వేళ మృగములు ఊరిపై బడునను భయముచే అధికారులు కాల్చక తప్పలేదు. చచ్చినవానిలో 18 పులులు, 17 సింహములు. అవి చేసిన నేరమేమి? మరుసటియేడు ఆ రాష్ట్రమున కట్టుదిట్టమైన చట్టము వచ్చెను. 2022 డిసెంబరులో దేశమంతటికిని వచ్చిన చట్టము పులులు, సింహములు, చిరుతలు మొదలగువానిని గూర్చినదే. చింపాంజీల మాట యందు లేదు.

కావున అమెరికాలో కాపురముండు మన యాడపడుచులు పిల్లలను ఇరుగుపొరుగిండ్లకు ఆటలకు బంపునపుడు, అచట నిట్టి మృగమున్నదా యని సంకోచింపక అడుగవలెను. అది బయటబడినట్లు తెలిసినచో పండుతోగాని బొమ్మతోగాని సాయము పోరాదు. పిల్లలను లోనికి దెచ్చి, గడియపెట్టి, 911కు ఫోను చేయవలెను.