అటక మీది సెల్యులాయిడ్

పాతవస్తువులను సేకరించి భద్రపరచు అభిరుచి మన చిన్న పట్టణములలో సైతము పెరుగుచుండుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. తాతలనాటి దువ్వెనలు, కళ్లజోళ్లు, జపాను బొమ్మలు, ఫోటో నెగెటివులు, టూరింగు టాకీసుల కాలపు రీళ్లు మొదలగువానిని అపురూపముగా దాచుకొనువారు కనిగిరి ప్రాంతమునను కలరు. అయితే ఆ వస్తువు ఏ పదార్థముతో చేయబడినదో, దాని స్వభావమెట్టిదో ఎరుగక దాచుట, ఎంత ప్రేమతో చేసినను, ఇంటిల్లిపాదికి ముప్పు తెచ్చు పని.

పైవానిలో పెక్కింటికి మూలమైన ఆ పదార్థము సెల్యులాయిడ్. దాని పుట్టుక పత్తి పండించు మనకు పరాయిది కాదు. దూదిని నత్రికామ్ల గంధకికామ్లములలో నానబెట్టగా పుట్టు నైట్రోసెల్యులోజునకు కర్పూరము చేర్చి మెత్తపరచినచో సెల్యులాయిడ్ సిద్ధమగును. అదే దూదిని ఆ ఆమ్లములతో మరింత తీవ్రముగా మార్చినచో ప్రేలుడు పదార్థమగును. 1862లో లండన్ ప్రదర్శనమున పార్క్స్ అను ఆవిష్కర్త చూపిన ఈ జాతి పదార్థమును అమెరికాలో హయత్ అనునతడు వ్యాపారసరకుగా తీర్చిదిద్దగా, ఏనుగుదంతమును, తాబేటిచిప్పను కొనజాలని సామాన్యులకు గూడ అందమైన వస్తువులు లభించినవి. ఈ ఉపకారమును మరువరాదు. దాని వెంట వచ్చిన అగ్నిభయమును మరువరాదు.

1929లో అమెరికాలోని క్లీవ్‌లండ్ వైద్యశాలయందు ఎక్స్‌రే ఫిల్ములు అంటుకొని, ప్రధానముగా వాని విషవాయువుల వలననే 120 మందికి పైగా మరణించిరి. 1932 డిసెంబరులో టోక్యోలోని షిరోకియా అంగడిలో సెల్యులాయిడ్ బొమ్మలకు నిప్పంటుకొని 14 మంది అసువులు బాసిరి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడినదియు ఆ 1932లోనే. నేడు చూతమన్న దాని ప్రతి లేదు. ఆనాటి చిత్రములు దాదాపు అన్నియు నైట్రేట్ ఫిల్మనబడు ఇట్టి సెల్యులాయిడ్ ఫిల్ముపైననే ముద్రితములు. 2003 జనవరిలో పూనా ఫిల్ము సంస్థ ఆవరణమున జరిగిన అగ్నిప్రమాదమున భారతీయ చలనచిత్రముల అపూర్వ ప్రతులెన్నియో భస్మమైనవి. నిపుణులున్న చోటనే ఇట్లు జరుగగా, ఎరుకలేని ఇంటి అటక మాట చెప్పవలసినదేమి?

శిథిలమైన నైట్రేట్ ఫిల్ముచుట్ట 41 డిగ్రీల వేడిమి ఎడతెగక తగిలినచో తనంత తానే రాజుకొనగలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటుట కనిగిరివారికి క్రొత్త కాదు. రేకుల కప్పు క్రింద అటక మీద ఆ వేడి ఇంకను హెచ్చు. అంటుకొన్న ఫిల్ము తనకు వలసిన ప్రాణవాయువును తనలోనే కలిగియుండుటచే నీట ముంచినను ఆరదు. దువ్వెనలు, బొమ్మలు అంత సులభముగా స్వయముగా రగులకున్నను, దీపము సోకిన క్షణమున భగ్గుమనును.

కావున పాత 35 మిల్లీమీటర్ల రీలు అంచున ‘సేఫ్టీ’ యను ముద్ర కలదా లేదా యని మొదట చూడవలెను; లేనిచో అది నైట్రేట్ ఫిల్మేమో యని అనుమానింపవలెను. వస్తువు నుండి కర్పూరపు వాసనయో ఘాటైన ఆమ్లపు వాసనయో వచ్చుట, రంగు పచ్చబారుట, జిగురెక్కుట, పగుళ్లు పడుట అపాయసూచనలు. కాల్చిన సూదితో పరీక్షించుట తగదు. అట్టివానిని బిగుతైన పెట్టెలోగాక, గాలియాడు చల్లని చోట, తక్కినవస్తువులకు దూరముగా నుంచవలెను. జిగురెక్కిన రీళ్లను తాకక అగ్నిమాపక శాఖకు తెలుపవలెను, పెరటిలో తగులబెట్టరాదు.

వ్యక్తుల జాగ్రత్త మాత్రమే చాలదు. గుంటూరు సీమ మిరపకాయను చెడకుండ కాపాడుటకు శీతల గిడ్డంగులను వరుసలుగా నిర్మించుకొన్నది. పంటకు చూపిన ఈ శ్రద్ధలో స్వల్పభాగమైనను మన చిత్రములకు, ఛాయాచిత్రములకు చూపవలదా? ప్రజలు తమ పాత రీళ్లను నిర్భయముగా అప్పగించుటకు, నిపుణులు వానిని పరీక్షించి ప్రతులు తీయుటకు, తగిన శీతలగృహమొకటి ప్రభుత్వము ఈ ప్రాంతమున నెలకొల్పవలెను. అది ఏర్పడువరకు జిల్లా అగ్నిమాపకాధికారులు వేసవికి ముందే ప్రతి ఊర ఈ సంగతి చాటింపవలెను.