బాసును తిట్టినంత కాలం భయం లేదు

‘అహ నా పెళ్ళంట’ చూసినవాళ్లు కోట శ్రీనివాసరావు దగ్గర పనిచేసిన బ్రహ్మానందాన్ని మరిచిపోగలరా? 1987లో జంధ్యాల గారు తెరమీదికి తెచ్చిన ఆ పిసినారి లక్ష్మీపతి, కోడిని పైన వేలాడదీసి దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తినే ఘనుడు. అటువంటి యజమాని దగ్గర అరగుండు పడ్డ పాట్లకు హాలు హాలంతా పడీపడీ నవ్వింది. తెరమీద బాసు ఎప్పుడూ నవ్విస్తాడు. సోమవారం పొద్దున్నే అదే బాసు మన కుర్చీ వెనకాల వచ్చి నిలబడితేనో? అప్పుడెంతమంది నవ్వుతారో మీరే చెప్పండి!

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఆదివారం మా కొత్తకోటలో జరిగిన సంగతి ఒకటుంది.

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్ద రోడ్డు మా ఊరిమీదుగానే పోతుంది. ఆ రోడ్డు పక్కన టీకొట్టులో కూచుని ఉంటే, మా వీధి కుర్రాడొకడు బస్సు దిగాడు. రెండు నెలల కిందటే హైదరాబాదులో ఏదో కంపెనీలో చేరాడు. చేరిన రోజు వాళ్లమ్మ వీధంతా పేడాలు పంచింది. ఆదివారానికి ఇంటికి రావడం మామూలే గాని, చేతిలో బ్యాగు మాత్రం ఆదివారం బ్యాగులా లేదు.

“ఏంది తమ్మీ, అంత పెద్ద బ్యాగు?” అన్నాను.

“ఇగ పోనన్నా. నాతోని కాదు,” అన్నాడు.

టీ చెప్పాను. వాడు తాగలేదు, చెప్పుకుపోయాడు. బాసు పొద్దున ఒక మాట అంటాడట, సాయంత్రానికి ఇంకో మాట. ఆరు గంటలకు పని చేతికిచ్చి తెల్లారేసరికి కావాలంటాడు. రాత్రి పదింటికి ఫోను. పదిమంది ముందర “నీకు డిగ్రీ ఎవడిచ్చాడయ్యా?” అంటాడు. ఆర్డరు కాగితంలో రాసిన ఉద్యోగం ఒకటి, దిగాక చేయించేది ఇంకోటి.

“మన వనపర్తి రోడ్డు స్టేషన్ లెక్కనే గదా,” అన్నాను. మావైపు వాళ్లకు తెలిసిన సంగతే. బోర్డు మీద పేరు వనపర్తిది, రైలు దిగితే మదనాపురం! వాడు నవ్వలేదు. నాకే సిగ్గనిపించి అసలు ప్రశ్న వేశాను.

“ఆయన తిట్టేది నీ పనినా, నిన్నా?”

“రెండూ ఒకటే గదన్నా!”

కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలల అబద్ధం ఖర్చయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు వాడికి చెప్పిన సినిమా కబురు మీకూ చెబుతాను.

మన సినిమాల్లో పనిరాక్షసుడైన బాసు ఎవరంటే పాతకాలం వాళ్లు ముందుగా చెప్పే పేరు కె.వి.రెడ్డి గారిది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన మహానుభావుడు. స్క్రిప్టు పూర్తిగా సిద్ధమైతేగాని షూటింగు మొదలుపెట్టేవారు కాదు. స్టాప్‌వాచీ పట్టుకుని సీను ఎన్ని నిమిషాలు వస్తుందో చూసుకునేవారు. నిమిషానికి తొంభై అడుగుల ఫిలిం తిరుగుతుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజుల్లో ముడి ఫిలిం విదేశాల నుంచి రావలసిందే. అందుకే ఆయన పట్టింపు పిచ్చి పట్టింపు కాదు. చేతిలో గడియారం ఆడుతుంటే నిర్మాత డబ్బు కదులుతున్నట్టే లెక్క.

ఆ గడియారం ముందర ఎన్.టి.రామారావు గారైనా ఒకటే, కొత్తగా చేరిన కుర్రాడైనా ఒకటే. అంతకన్నా ముఖ్యం, రెడ్డిగారైనా ఒకటే! ఎదుటివాడికి పెట్టిన నియమం ముందు తనకు పెట్టుకున్నారు. ఆయన దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్నవాళ్లలో సింగీతం శ్రీనివాసరావు గారొకరు. ‘మాయాబజార్’కి పనిచేసిన ఆ కుర్రాడే ముప్ఫై ఏళ్ల తర్వాత, 1987లో, ఒక్క మాటైనా లేని ‘పుష్పక విమానం’ తీశారు. మాటల్లేని సినిమాలో నవ్వు పండాలంటే క్షణాల లెక్క తెలియాలి. ఆ లెక్క ఎక్కడ పట్టుబడిందో నా ఊహ నాకుంది. సింగీతం గారు మాత్రం ఈనాటికీ కె.వి.రెడ్డి గారిని గురువుగానే తలుచుకుంటారు.

“మా బాసు చేతిల వాచీ లేదన్నా, నోరే ఉన్నది,” అన్నాడు కుర్రాడు.

మాట బాగుంది. నా మొదటి బాసుకు రెండూ ఉండేవి!

డిగ్రీ అవగానే హైదరాబాదులో ఒక పత్రిక డెస్కులో చేరాను. అక్కడి పెద్దమనిషి నేనేది రాసుకెళ్లినా మొదటి పేరా అడ్డంగా కొట్టేసేవాడు. “కథ రెండో పేరాలో ఉంది. అక్కడ్నుంచి మొదలెట్టు” అని కాగితం మొహాన కొట్టినట్టు వెనక్కిచ్చేవాడు. ఒక సినిమా వ్యాసం ఆరుసార్లు తిరిగొచ్చింది. మూడో నెలలో ఒక సాయంత్రం నా వ్యాసం అందరి ముందర పైకి చదివి వినిపించాడు, వెక్కిరింతగా. అందరూ నవ్వారు. నేను పెన్ను మూతపెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నాకు నేను పెద్ద హీరోలా కనిపించాను. బ్యాక్‌గ్రౌండు మ్యూజిక్ కూడా వినిపించింది!

మ్యూజిక్ ఒకటో తారీఖు దాకా వినిపించింది. ఆ రోజు గదిఅద్దె అడిగారు.

భానుమతి గారి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ‘మిస్సమ్మ’ (1955)లో నాయిక మొదట ఆవిడే. కొన్ని రీళ్లు తీశారు కూడా. ఒకరోజు ఆలస్యంగా వచ్చిన దగ్గర నిర్మాత చక్రపాణి గారికీ ఆవిడకూ మాట పట్టింపు వచ్చింది. ఆయన క్షమాపణ అడిగారు, ఆవిడ చెప్పనన్నారు. ఆ వేషం సావిత్రి గారికి వెళ్లింది. సావిత్రి గారు వేయాల్సిన వేషం జమున గారికి వచ్చింది. భానుమతి గారు తల దించకుండా బయటికి నడిచారు. నడవగలరు! ఆవిడకు సొంతంగా భరణీ వారి సంస్థ ఉంది, పాడే గొంతుంది, రాసే కలముంది. నాకేముంది? అమీర్‌పేటలో ముగ్గురు పంచుకునే గదిలో ఒక మంచం. ఆవిడ ఠీవి నేను అప్పు తెచ్చుకున్నాను గాని, వెనకాల భరణీ లేదన్న సంగతి మరిచిపోయాను.

మా నాయన మగ్గం నేసేవాడు. నా ఉద్యోగం పోయిందన్న మాట ఆయనకు చెప్పే ధైర్యం లేకపోయింది. నాలుగు నెలలు అబద్ధమాడాను. ఫోను చేసినప్పుడల్లా “డ్యూటీ మంచిగనే నడుస్తున్నది నాయినా” అనేవాణ్ని. గదిలో దోస్తుల దగ్గర అప్పుచేసి నెలకు మూడు వేలు ఆయన ఖాతాలో వేసేవాణ్ని. దసరాకు ఇంటికొచ్చాను. భోజనాలయ్యాక నాయన బ్యాంకు పాసుబుక్కు తెచ్చి నా ముందర పెట్టాడు. నాలుగు నెలల డబ్బులూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“ఎవరి తాన దెచ్చినవో వాళ్లకిచ్చెయ్ బిడ్డా,” అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగాను. ఆయన మగ్గం గుంటలోకి దిగుతూ చెప్పాడు: “మొదటి మూడు నెలలు ఫోన్ జేస్తే చాలు, మీ సార్‌ను తిట్టేటోనివి. తర్వాత ఒక్కనాడు గూడ తిట్టలే. పని జేసేటోడు తిట్టకుంట ఉంటడా?”

ఇక నేనేం మాట్లాడను?

ఆ తర్వాత ఇంకో చోట చేరాను. అక్కడ నా రాత చూసి “మొదలు బాగా ఎత్తుకుంటావయ్యా” అన్నారు. ఎందుకు ఎత్తుకోను? మొదటి పేరా నేనే కొట్టేయడం నేర్చుకున్నాను కదా! ఈ వ్యాసానికి కూడా ముందొక పేరా ఉండేది. మీ అదృష్టం, మీదాకా రాలేదు. ఆ పాత బాసు గీత సరైనదే. నోరు మాత్రం సరైంది కాదు. గీత తీసుకుని నోరు వదిలేయాల్సింది. నేను నోటి మీద కోపంతో గీతను కూడా పారేసి వచ్చాను.

అందుకని కుర్రాడికి నేను చెప్పింది ఇంతే.

సినిమా సెట్లో అసిస్టెంటు డైరెక్టరు దగ్గర కంటిన్యుటీ పుస్తకం ఉంటుంది. హీరో గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడు, చొక్కా గుండీలెన్ని పెట్టుకున్నాడు, అన్నీ రాసుకుంటారు. వారం తర్వాత అదే సీను మిగతా భాగం తీసేటప్పుడు ఎవరి జ్ఞాపకంతోనూ పనిలేదు, పుస్తకం చెబుతుంది. నువ్వూ ఒకటి పెట్టుకో. బాసు ఏం చెప్పాడు, ఎప్పటికి అడిగాడు, తారీఖుతో రాసుకో. సాయంత్రం మాట మారిస్తే “పొద్దున ఇట్లా చెప్పారు సార్, ఇప్పుడు మార్చమంటారా?” అని నెమ్మదిగా అడుగు. నాలుగు పనులు ఒక్కసారే నెత్తిన పడితే “వీటిలో ఏది ముందు కావాలి సార్?” అను. ఈ మాటలు పదిమంది ముందర కాదు, ఆయన గదిలో, పొద్దున పూట. ఆయన చేతిలో స్టాప్‌వాచీ ఉంటే జవాబు చెబుతాడు. లేకపోతే అదీ తెలిసిపోతుంది. అప్పుడు ఇంకో ఉద్యోగం వెతుక్కో. కాని చేతిలో మూడు నెలల ఖర్చు, జేబులో ఇంకో ఆర్డరు కాగితం పెట్టుకుని బయటికి నడువు. ఆదివారం కోపంతో మాత్రం నడవకు.

అన్నిటికీ ఓర్చుకోమని నేననను. జీతం ఎగ్గొట్టినా, చెయ్యి లేపినా, నిద్రా తిండీ పోయి ఒళ్లు పాడవుతున్నా అక్కడ నేర్చుకునే గీతలేమీ లేవు. ఆడపిల్లలతో వెకిలి వేషాలు వేసేవాడు బాసు కాదు, విలన్. 2013 చట్టం ప్రకారం పదిమంది గాని అంతకన్నా ఎక్కువమంది గాని పనిచేసే ప్రతిచోటా అలాంటి ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. భయపడకుండా కాగితం రాసివ్వండి.

కుర్రాడు చల్లారిన టీ గుక్కలో తాగేశాడు. పోతానని అనలేదు, పోననీ అనలేదు. బ్యాగెత్తుకుని ఇంటిదారి పట్టాడు. సోమవారం మొదటి బస్సుకు వెళ్లాడని వాళ్లమ్మ చెప్పింది.

నిన్న రాత్రి పదిన్నరకు ఫోను చేశాడు. గదిలోకి వెళ్లి అడిగాడట. బాసు ఒక్క నిమిషం వాడి మొహంలోకి చూసి, ఏది ముందో వేలు పెట్టి చూపించాడట. “మరి సాయంత్రం?” అన్నాను. “సాయంత్రం మళ్ల మామూలేనన్నా!” అని మొదలుపెట్టి, ఆ బాసును ఇరవై నిమిషాలు ఆగకుండా తిట్టాడు.

హాయిగా విన్నాను.