వంతా, వంతూ

చెప్పేవానికి వినేవాడు లోకువ అని సామెత. వినేవారే చెప్పేవానిని అలయగొట్టి మూల కూర్చుండబెట్టే వినోదం ఒకటి వస్తుందని ఆ సామెత పుట్టిననాడు ఎవరూ ఊహించి ఉండరు. అది వచ్చి అర్ధ శతాబ్ది దాటినది. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, మరొకడు దొంగ. వారికి ఎదురుగా కూర్చున్నవాడు ఒక్కడే తక్కిన లోకమంతా: అడవి, కోట, రాజు, రాక్షసుడు, పూటకూళ్ళమ్మ, వాన, చీకటి. వీరుడు తాను ఏమి చేయదలచినాడో చెప్తాడు, పాచికలు పడతాయి, ఫలితమేమో ఎదుటివాడు అప్పటికప్పుడు కల్పించి చెప్పాలి. ఆయనను గేమ్ మాస్టర్ అంటారు. వీథినాటకాలు చూచినవారికి సూత్రధారుడంటే చాలు.

ఈ జాతి ఆటలలో మొదటిదైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు వెలువరించారు. మొదటి ముద్రణ వేయి ప్రతులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి చదువులకూ కొలువులకూ హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళిన యువకులలోనూ నేడు ఈ ఆట ఎరిగినవారున్నారు. పాలకీడు రచ్చబండ మీదికి ఇది రాకపోవచ్చును గాని, దీనిని పట్టిన జబ్బు మాత్రం పాలకీడు ఎరుగనిది కాదు.

ఆ జబ్బు సూత్రధారుని అలసట. ఆదివారం మూడు గంటల ఆట కోసం అతడు వారమంతా కథ అల్లుతాడు. నియమాల గ్రంథం అతడే చదవాలి. గతవారం ఎవరు ఏమన్నారో అతడే గుర్తుంచుకోవాలి. అందరికీ వీలైన రోజు కనుక్కొని అందరినీ పిలవడం కూడా అతని పనే. నిజానికి రాక్షసులను సృష్టించడం కంటె ఈ పిలుపులే ఎక్కువ అలయిస్తాయి. తక్కినవారు ఆలస్యంగా వస్తారు, హాయిగా ఆడతారు, వెళ్తారు. కొన్ని నెలలకు అతనికి ఆదివారమంటేనే బెంగ పుడుతుంది. తరువాత ఏదో సాకు. ఆపైన ఆట ఉండదు. చాలాచోట్ల ఆ స్నేహబృందమూ ఉండదు.

తెలంగాణ పల్లెలలో చెర్విరాల బాగయ్య యక్షగానాలు ఆడిన సమాజాలను తలచుకుంటే సంగతి బోధపడుతుంది. వేషాలకు పోటీ ఉంటుంది. కిరీటం కావాలనేవారు పదిమంది. పద్యం నేర్పేది, హార్మోనియం పట్టేది, చందాలు అడిగేది, అలిగిన వేషధారిని ఇంటికి వెళ్ళి బతిమాలేది తరచు ఒక్కరే. ఆ ఒక్కరూ మంచం పడితే ఆ యేడు ఊరికి ఆట లేదు. ఊరు దానిని దైవఘటన అనుకుంటుంది.

ఈ అలసటకు శాస్త్రంలో పేరు పడినది కూడా 1974లోనే. న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనోవైద్య పండితుడు ఉచిత వైద్యశాలలో పనిచేసేవారిని గమనించి, ‘బర్న్ అవుట్’ అనే మాటతో ఒక వ్యాసం ప్రకటించాడు. దివిటీ కాలి మసి అయినట్లు మనిషిలో ఉత్సాహం కాలిపోవడమని తాత్పర్యం. అక్కడ పనిచేసినవారిలో చాలామంది జీతగాళ్ళు కారు, ఇష్టపడి వచ్చినవారు. ఎక్కువ నిష్ఠ గలవారే ముందుగా కాలిపోతారని ఆయన గుర్తించాడు. కాబట్టి “అతనికి ఇష్టమేగా, ఎవరు చేయమన్నారు” అనే సమాధానం చెల్లదు. ఇష్టమే అక్కడ వత్తి.

కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని చాలామంది చెప్పే సలహా. మంచిదే గాని చాలదు. నెల తరువాత అతడు తిరిగి వచ్చేసరికి ఆ బరువు అక్కడే, అదే తూకంలో ఎదురుచూస్తూ ఉంటుంది.

మన కథాకళలను కూర్చినవారు ఈ చిక్కును ముందే ఎరిగినట్లు కనిపిస్తారు. బుర్రకథలో తంబురా పట్టిన కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం పలుకుతారు, మరొకరు లోకంలోని సంగతులు ఎత్తుతారు. “ఆహా, అటుపైన ఏమైనది?” అని అడిగేదీ వారే, పల్లవి అందుకొనేదీ వారే. హాస్యవంత నవ్విస్తున్నంతసేపు కథకునికి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చిన విరామం కాదు, కూర్పులోనే ఉన్నది. 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ అంతటివాడు కూడా ఇరుపక్కలా వంతలతోనే నిలిచాడు. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకునికి మాటకు మాట అందించే సహచరుడు ఉంటాడు. నేడు ‘వంతపాడటం’ తిట్టుగా మారినది. పాపం, మాటలకు కూడా రోజులుంటాయి. ఆట బల్ల వద్ద లోపించినది ఆ వంతయే. గతవారపు కథను ఒక ఆటగాడు తిరిగి చెప్పవచ్చును. నియమాలు వెదకడం మరొకరు, కబురు చేయడం ఇంకొకరు వహించవచ్చును. అడవిలో ఎదురయ్యే బోయవానికి గొంతు ఇవ్వడానికి సూత్రధారుడే కావాలని ఏ శాస్త్రమూ లేదు.

అష్టావధానం ఇంకా దగ్గరి పోలిక. అవధాని కూడా ఎదుటివారి ప్రశ్నను బట్టి అప్పటికప్పుడు కల్పించవలసినవాడే. అయితే పృచ్ఛకులు చేతులూపుకొంటూ రారు. సమస్య ఇచ్చేవాడు సమస్యను, దత్తపది ఇచ్చేవాడు పదాలను ఇంటివద్దనే ఆలోచించుకొని వస్తాడు. ఏకాగ్రత చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి ఉంటాడు, కాని ఎనమండుగురిలో ఒక్కడే. ఈ ఆటలో అందరూ అప్రస్తుత ప్రసంగులే అయి, సమస్య ఇచ్చేవాడొక్కడూ లేని సందర్భాలే ఎక్కువ. పైగా, అంతటి శతావధానులు తిరుపతి వేంకట కవులు ఇద్దరు. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూసిన తరువాత కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తన రచనలను జంటపేరుతోనే ప్రకటించాడు. ఆ జంట ఎంతటి ఆసరాయో దీనినిబట్టి ఊహించుకోవచ్చును.

వంత తరువాత వంతు. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉన్నదో లేదో గాని, ఒకటి చాలనిచోట రెండవది కావాలి. వంతు అంటే ఏమిటో పాలకీడు రైతుకు చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ ఎడమకాలువలో నీరు చాలని యేళ్ళలో వారబందీ పెడతారు. కొన్నాళ్ళు పారుదల, కొన్నాళ్ళు కట్టు. నీటికి సాధ్యమైనది కథకు ఎందుకు కారాదు? ఆట పుట్టిన తొలినాళ్ళలోనే గైగాక్స్ తన గ్రేహాక్ కథాలోకంలో రాబర్ట్ కుంట్జ్‌ను సహసూత్రధారునిగా చేసుకొన్నాడు; తానూ ఆటగాడుగా కూర్చున్నాడు. 1987లో వచ్చిన ‘ఆర్స్ మాజికా’ అనే ఆట మరొక అడుగు ముందుకు వేసి, సూత్రధారత్వం చేతులు మారే పద్ధతిని గ్రంథంలోనే సూచించినది. దానికి వారు పెట్టుకొన్న పేరు ‘ట్రూప్’ పద్ధతి; మన మాటలో మేళం.

వంత పాడేవాడు కథకుడు కాగలడా, ఆట చప్పబడదా అని అడుగుతారు. చప్పబడుతుంది. మొదటిసారి పగ్గాలు పట్టినవాడు తడబడతాడు, రాక్షసుని పేరు మరచిపోతాడు, రెండు గంటలలోనే కథ ముగించివేస్తాడు. భరించవలసినదే. ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని లేచినవాడు మరుసటివారం ఆలస్యంగా రాడు.

ఇంకొక్క లోపం ఉన్నది. హరికథకు మంగళం ఉన్నది, యక్షగానానికి మంగళహారతి ఉన్నది. ఆదిభట్ల నారాయణదాసు ఆటా పాటా కథా ఒక్కడే నడిపినా, హారతి ఇచ్చి గజ్జెలు విప్పే ఘడియ ఆయనకు ముందే తెలుసు. ఈ ఆటలో ఒక కథ యేళ్ళ తరబడి సాగుతుంది. సాగడమే గొప్ప అనుకుంటారు. ఎనిమిది ఆదివారాలకో పది ఆదివారాలకో మంగళం పాడే కథను మొదటనే ఎంచుకొన్నచోట సూత్రధారుడు దూరాన గట్టు కనిపించే ఈతగాని వలె చేతులు ఆడిస్తాడు.

చివరకు కొంత చిక్కు సూత్రధారుని వైపు నుంచే వస్తుంది. వంతు ఇచ్చి ఆటగాడుగా కూర్చున్న మొదటి ఆదివారం అతనికి నోరు ఊరుకోదు. కొత్తవాడు నియమం తప్పినప్పుడల్లా సర్దబోతాడు. తాను పుట్టించిన రాజును ఇతరుడు చంపివేస్తే కినుక పడతాడు. ఆ పూట నియమాల పుస్తకాన్ని అతనికి అందనంత దూరాన, బల్ల అవతలి కొసన పెట్టడం మంచిది.